మూడు చోట్ల కాల్చారు, ఇద్దరు పరారీ

ఏడో తరగతి నేను మూడేళ్ళు చదివాను. ఎవరైనా అడిగితే ఆ తరగతంటే నాకంత ఇష్టమని చెబుతుంటాను. అసలు సంగతి, కూడికైనా తీసివేతైనా నా పలక మీద ఒకటే జవాబు వచ్చేది. మూడో ఏడు మా లెక్కల మాస్టారు నౌపడ ఉప్పు మళ్ళలో పని చేసుకుంటున్న మా నాన్నని వెతుక్కుంటూ వచ్చి, "ఈడికి లెక్కలంటే బయిం నేదు గానీ, ఈడంటే లెక్కలకి బయిమేస్తన్నాది. తీసుకుపో" అని నన్ను అప్పజెప్పి వెళ్ళాడు.

అలాంటి నేను చెప్పి వేయించిన ఒక తప్పుడు మొత్తం రాజధాని దాకా వెళ్ళింది. వెళ్ళి ముగ్గురు మనుషుల్ని పోలీసు స్టేషన్లోంచి ఇంటికి తెచ్చింది. కొత్తగా ఆఫీసుల్లో చేరి, కంప్యూటర్ల ముందు కూర్చుని, తప్పు చేస్తే ప్రపంచం మునిగిపోతుందని వణికే పిల్లలు ఉంటారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

అప్పుడు నేను కొండల కింద ఒక మండలాఫీసులో అటెండర్ని. అన్నలకీ సర్కారుకీ మధ్య మాటలు మొదలయ్యాయి. మాటలు జరిగినన్నాళ్ళూ ఎవరూ ఎవరి మీదా తుపాకీ పేల్చకూడదని ఒప్పందం. దాని పేరు కాల్పుల విరమణ. ఎవరైనా పేలిస్తే ఉల్లంఘన. మండలంలో ఎన్ని ఉల్లంఘనలు జరిగాయో రోజూ సాయంత్రం నాలుగింటికి జిల్లాకి ఫ్యాక్సు వెళ్ళాలి. జిల్లా నుంచి రాజధానికి. అక్కడొక పెద్దమనిషి మైకుల ముందు కూర్చుని ఏడు గంటల వార్తలకి ఆ లెక్క చదివేవాడు. అన్నలు వాళ్ళ లెక్క వాళ్ళు చదివేవారు. రెండు లెక్కలూ ఒక్కనాడైనా కలిసిన పాపాన పోలేదు. ఆ విషయంలో రెండు పక్షాలూ నాతోపాటు ఏడో తరగతిలో కూర్చోవలసినవాళ్ళే.

ఈ పనికి మా ఆఫీసులో విరిగిన కుర్చీల గదిని కేటాయించారు. కుర్చీలన్నీ వరండాలోకి మార్చి, ఒకటి మాత్రం నాకు ఉంచారు. అదీ విరిగిందే. ముందర బల్ల, టెలిఫోను, రిజిస్టరు. కొండ మీది ఊళ్ళ తలారులు ఉదయం పదింటికల్లా సంత ఊళ్ళో ఉన్న టెలిఫోను బూత్‌కి దిగొచ్చి నాకు ఫోను చెయ్యాలి. వాళ్ళు చెప్పింది నేను రాసుకోవాలి. నేను రాసింది హెడ్డుగుమస్తా గారు ఆఫీసు తెలుగులోకి మార్చాలి. ఎచ్చెర్లలో పెద్ద చదువు చదివి మా దగ్గర టైపిస్టుగా చేరిన అమ్మాయి టైపు కొట్టాలి. ఎమ్మార్వో మేడమ్ సంతకం పెట్టాలి.

మేడమ్‌కి అదే మొదటి పోస్టింగు. చిన్న వయసు, తక్కువ మాట. హెడ్డుగుమస్తా గారు అందుకు పూర్తిగా తలకిందులు. రిటైరవడానికి ఏడాది కూడా లేదు. తన సర్వీసులో తాను వేసిన మొత్తం ఒక్కటీ తప్పు కాలేదని రోజుకోసారి చెప్పేవారు. నాకు మాత్రం రెండుసార్లు చెప్పేవారు, నా అవసరం తెలిసి.

నెల దాటినా కొండ మీద చీమ తుమ్మలేదు. అందరిలోకీ ఎగువ ఊరి తలారి నాకు స్నేహితుడు. బావా అంటే బావా అనుకునేవాళ్ళం. రోజూ ఫోను ఎత్తగానే "నిల్లు బావా" అని పెట్టేసేవాడు. ఉల్లంఘనల గడిలో నేను నిల్ అని రాసేవాణ్ణి. ఆ మాట కొండ మీద ఎంత నచ్చిందంటే, వాళ్ళు దాన్ని ఇంట్లో కూడా వాడుకోవడం మొదలుపెట్టారు. కుండలో గంజి లేకపోతే "గంజి నిల్లు". సంతలో బేరం లేకపోతే "బేరం నిల్లు". సర్కారు వాళ్ళకి ఇచ్చిన వాటిలో పూర్తిగా చేతికందింది ఆ మాటొక్కటేనని తలారి అనేవాడు.

మాకు మాత్రం నిల్ అచ్చిరాలేదు. జిల్లా నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "పక్క మండలంలో రెండున్నాయి, ఆ పక్కన నాలుగున్నాయి, మీకేంటి రోజూ నిల్? నిద్రపోతున్నారా?" అని. మేడమ్‌ని అంటే మేడమ్ ఊరుకున్నారు. హెడ్డుగుమస్తా గారిని అంటే ఆయన నన్నన్నారు. ఆఫీసులో నా కింద ఎవరూ లేరు కాబట్టి మర్నాడు ఫోన్లో తలారిని పట్టుకున్నాను.

"ఏటి బావా, రోజూ నిల్లేటి? ఏ సిన్నదైనా సెప్పాలని ఆర్డరు. ఏటీ జరక్కుండా ఎలగుంటాది?"

"ఏటి జరిగినా సెప్పీమంటావా?"

"ఏటి జరిగినా."

ఆ మర్నాడు ఫోను మోగింది.

"బావా, ఇయ్యాల నిల్లు కాదు. నిన్న సందేల కొండ మీద కాల్సీనారు."

నా పెన్ను దానంతటదే లేచి నిలబడింది.

"ఎక్కడ?"

"మా ఊరికి ఎగువన. మూడు కాడ. టపటపమని ఒకటే పేలుడు."

"ఎంతమంది?"

"ముగ్గురు."

"ఎవులికైనా దెబ్బ తగిలినాదా?"

"అబ్బే! ఓ జత మట్టుకు తుప్పల్లోంచి ఒడిశా పక్కకి లగెత్తీసి..."

లైను గరగరలాడి తెగిపోయింది. ఆ చివరి మాట 'లగెత్తీసినారు' అయ్యుంటుందని నేను అనుకున్నాను. 'లగెత్తీసినాయి' కూడా అయ్యుండొచ్చని నాకు తట్టలేదు. రెండింటికీ తేడా ఒక్క అక్షరం. ఆ అక్షరం బరువెంతో మర్నాడు తెలిసింది.

నేను రాసింది ఇది: "మూడు చోట్ల కాల్చారు. ముగ్గురు. ఇద్దరు పారిపోయారు."

హెడ్డుగుమస్తా గారు దాన్ని ఇలా దిద్దారు: "నిన్నటి సాయంకాలము ఎగువ గ్రామ సమీపమున మూడు ప్రదేశములందు ముగ్గురు వ్యక్తులు కాల్పులు జరిపినారు. ఇరువురు ఆగంతకులు ఒడిశా దిశగా పరారైనారు." నేటి ఉల్లంఘనలు మూడు. ఇప్పటివరకు మొత్తం మూడు. కింద గీత గీసి పొట్టి సంతకం పెట్టారు. నాలుగింటికి ఫ్యాక్సు వెళ్ళింది. జిల్లావాళ్ళు ఫోను చేసి మొదటిసారి "గుడ్" అన్నారు. ఆ గుడ్ నాదే కాబట్టి వరండాలో విరిగిన కుర్చీల మధ్య ఒక రౌండు కొట్టాను.

ఏడు గంటల వార్తల్లో మా మండలం పేరు చదివారు. మా ఆవిడని పిలిచి చూపించాను. ఆవిడది కళింగపట్నం. అలల హోరు మీద మాట్లాడి అలవాటైన గొంతు.

"ఇదో, ఆ మూడూ నావే" అన్నాను.

"నువ్వే పేల్సినట్టు సెప్తన్నావేటి?" అంది, వీధికంతా వినబడేట్టు.

మర్నాడు పదింటికి ఫోను రాలేదు. తలారే వచ్చాడు. తెల్లారగట్ల పోలీసు బళ్ళు ఊరికి ఎగబాకాయట. ముగ్గుర్ని ఎక్కించుకుని దిగాయట. రేపు పొద్దున్న కోర్టుకి పట్టుకెళ్తారట.

"ఒప్పీసుకున్నారు బావా" అన్నాడు తలారి. "మొన్న ఇక్కడ కాల్సినోళ్ళెవరని పోలీసోళ్ళు అడిగినారు. ముగ్గురూ సెయ్యెత్తినారు. మేమే కాల్సినాం బాబూ అన్నారు. దేంతో కాల్సినారంటే అగ్గిపెట్టితో అన్నారు. ఎటకారాలా అని బండెక్కించీసినారు."

"అగ్గిపెట్టేటి?"

"మరి పోడు దేంతో కాలుస్తారు బావా? తుపాకీతోనా?"

మీలో పట్నం పిల్లలుంటే పోడంటే ఏమిటో చెప్పాలి. వేసవి చివర కొండవాలున తుప్పలు నరికి, ఎండనిచ్చి, నిప్పు పెడతారు. తొలకరి పడగానే ఆ బూడిదలో సామలూ, చోళ్ళూ, కందులూ చల్లుతారు. దాన్ని కొండ మీద కాల్చడం అనే అంటారు, వేరే మాట లేదు. నేను ఉప్పు మళ్ళ మనిషిని. మా దగ్గర కాల్చాల్సిన పని లేదు, ఎండే కాలుస్తుంది. నాకు తెలిసిన కాల్చడాలు రెండే: బీడీ, తుపాకీ. తలారి బీడీ గురించి ఫోను చెయ్యడు కదా అని రెండోది రాసేశాను.

"మరి టపటపమని పేలినాదన్నావు?"

"ఎదురు బొంగులు కాలితే పేలవా?"

"ఆ జత?"

"కుందేళ్ళు."

నేను గోడకి ఆనుకున్నాను. విరిగిన కుర్చీ మీద ఆ సమయంలో నమ్మకం కుదరలేదు.

మేడమ్ గదిలోకి వెళ్ళి తప్పు నాదేనని చెప్పాను. చెప్పడానికి గొప్ప ధైర్యమేమీ అక్కర్లేదు, రిజిస్టర్లో నా చేతిరాతని ఆఫీసంతా దూరం నుంచే గుర్తు పడుతుంది. మేడమ్ వెంటనే పోలీసు సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారికి ఫోను చేశారు. "నా దగ్గర మీ ఆఫీసు నివేదిక ఉంది, వాళ్ళ ఒప్పుకోలుంది. తప్పని మీ జిల్లావాళ్ళు అంటే ఇప్పుడే వదిలేస్తాను" అన్నాడాయన. జిల్లాకి చేశారు. "ప్రకటన బయటికి వెళ్ళిపోయింది, మనంతట మనం వెనక్కి తీసుకోకూడదు, పైనుంచి అడిగితే అప్పుడు చూద్దాం" అన్నారు అక్కడ. పైనుంచి ఎవరడుగుతారు? పైవాళ్ళకి ఆ మూడూ బాగానే ఉన్నాయి.

హెడ్డుగుమస్తా గారు ఫారం తిరగేసి మరగేసి చూశారు. "ఉల్లంఘనకి గడి ఉంది. అది ఉల్లంఘన కాదనడానికి గడి లేదు మేడమ్."

"పోడు కాల్చడం రాస్తే?"

"అది అటవీ శాఖ వాళ్ళ గడి."

మేడమ్ నా వైపు తిరిగారు. "మాట విని ఒకసారి రాశాం. ఈసారి చూసి రండి. మూడింటికల్లా ఇక్కడుండాలి."

తలారీ నేనూ కొండెక్కాం. నా క్యారేజీలో అన్నం దారిలోనే ఇద్దరం తినేశాం. ఎగువ ఊరి పైన మూడు చోట్ల కొండ నల్లగా, ముగ్గు పెట్టడానికి అలికి వదిలేసిన వాకిలిలా ఉంది. ఒకచోట ఒక ముసలమ్మ మొద్దుల మధ్య ఒంగి బూడిద సర్దుతోంది. ముగ్గురిలో ఒకడు ఆవిడ కొడుకు.

"తుపాకులు ఎతకడానికొచ్చినావా బాబూ?" అంది తల ఎత్తకుండానే. కాలి చీలిన వెదురు బొంగు ఒకటి నా కాళ్ళ దగ్గర పడేసింది. "ఇదో, పేలినాది ఇదే. దీన్ని కూడా బండెక్కిస్తావా?"

"నేను పోలీసుని కాదమ్మా."

"మరేటి?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. ఆ నల్లటి నేల మీద నిలబడి చెప్పలేకపోయాను. "రాసినోణ్ణి. నీ కొడుకు మీద రాసింది నేనే."

అప్పుడు తల ఎత్తి చూసింది. "నువ్వా? బూట్లూ అదీ సూసి సదువుకున్నోడివనుకున్నాను." మళ్ళీ బూడిదలోకి ఒంగింది. "మబ్బు దిగతన్నాది. రేపో ఎల్లుండో వాన పడతాది. ఇత్తనాలింట్లో ఉన్నాయి. సల్లే సేతులు టేసన్లో ఉన్నాయి. ఆలు కోర్టుకెల్లి ఎప్పుడొస్తారు, ఇవెప్పుడు మొలుస్తాయి? అదొక్కటి సెప్పు."

నా దగ్గర ఖాళీ క్యారేజీ ఉంది. అందులో బూడిద నింపమన్నాను. నింపింది. పై గిన్నెలో నిప్పుల్లో కాలిన దుంప ఒకటి పెట్టింది. "ఇది మీ ఆపీసు అమ్మగారికి. తినమను. తుపాకీతో కాల్సిన దుంప ఈ రుసుండదని సెప్పు."

దిగుతుంటే దారంతా ఒకటే ఆలోచన. పైవాళ్ళు అడగాలి. అడిగితే చెప్పొచ్చు. మరి పైవాళ్ళు మమ్మల్ని ఎప్పుడు అడుగుతారు? పంపిన కాగితాల్ని వాళ్ళు ఏనాడూ చదవరు. కానీ లెక్క కలవకపోతే మాత్రం గంటలో ఫోను చేస్తారు. ఆ సంగతి నాకన్నా బాగా ఎవరికి తెలుస్తుంది? చిన్నప్పుడు మా మాస్టారు నా పలకలో ఏ ప్రశ్నా చదవలేదు, మొత్తం చూసి చెవి పట్టుకునేవాడు.

మూడింటికి అందరి ముందూ మేడమ్ బల్ల మీద క్యారేజీ విప్పాను. ఆవిడ బూడిదలో వేలు పెట్టి చూశారు. దుంప వాసన చూశారు. నేను చెప్పాను.

"మేడమ్, ఇయ్యాల నేటి ఉల్లంఘనలు సున్నా అని రాద్దాం. కింద ఇప్పటివరకు మొత్తం కూడా సున్నా అని రాద్దాం. నిన్న మూడు, ఇయ్యాల సున్నా, మొత్తం సున్నా. ఎలగ కలుస్తాది? వాళ్ళే అడుగుతారు."

టైపిస్టు అమ్మాయికి ముందు అర్థమై చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేడమ్ పెదవి ఒక పక్కకి కదిలింది, నవ్వని నేను అనను. హెడ్డుగుమస్తా గారు మాత్రం పాము మీద కాలేసినట్టు లేచారు.

"తప్పుడు మొత్తమా? నా చేత్తోనా? ఒరే, నా సర్వీసులో..."

"తెలుసు బాబూ. ఒక్కటీ తప్పు కాలేదు" అన్నాను. "అందుకే మీరు పెట్టాలి. నేను పెడితే ఈడికి లెక్కలు రావులే అని వదిలేస్తారు. మీ సంతకం కింద తప్పుంటే జిల్లా అంతా లేచి కూకుంటాది."

ఆయన నన్ను చూశారు. క్యారేజీ చూశారు. కిటికీలోంచి, వరండాలో విరిగిన కుర్చీ మీద అంచున కూర్చున్న తలారిని చూశారు. కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. తప్పు కనబడకుండా అనుకుంటాను. సున్నా చుట్టి, దాని పక్కన పొట్టి సంతకం పెట్టి, మొహం గోడకి తిప్పుకున్నారు. నా సర్వీసులో నేను చూసిన సాహసాల్లో దానికి సాటిలేదు. ఈ మాట నవ్వుతూ రాయడం లేదు.

నాలుగింటికి ఫ్యాక్సు వెళ్ళింది. పది నిమిషాలు. ఇరవై నిమిషాలు. టెలిఫోను నా వైపు చూస్తోంది, నేను టెలిఫోను వైపు. అరగంట కాకుండానే మోగింది.

"ఏమండీ, నిన్న మూడు చూపించి ఇవాళ మొత్తం సున్నా ఏంటి? మీ హెడ్డుగుమస్తా గారికి ఒంట్లో బాగాలేదా? వెంటనే సంజాయిషీ పంపండి!"

నేను రిసీవరు పెట్టి గట్టిగా అరిచాను: "అడిగారు! సంజాయిషీ అడిగారు!"

సంజాయిషీ అడిగితే ఒక సర్కారు ఆఫీసులో ఈలలు వెయ్యడం అదే మొదటిసారి, అదే ఆఖరుసారి కూడానేమో. హెడ్డుగుమస్తా గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. పదేళ్ళు వయసు తగ్గినట్టున్నారు. నిలబడే చెప్పారు, అమ్మాయి టకటకా కొట్టింది: "కాల్చుట యను పదము ఈ ప్రాంతమున తుపాకికిని అగ్గిపుల్లకును సమానముగా వర్తించును. ప్రస్తుత సందర్భమున అగ్గిపుల్ల. పేలినది వెదురు. పరారైన ఇరువురును కుందేళ్ళు." ఆ చివరి వాక్యం తీసేద్దామా అని ఆయన అడిగితే, మేడమ్ "అదుంటేనే సంతకం పెడతాను" అన్నారు.

అయిదింటికి అది జిల్లాకి చేరింది. అయిదున్నరకి జిల్లా నుంచి సర్కిల్ గారికి ఫోను వెళ్ళింది. మేడమ్ జీపులో నన్నూ తలారినీ స్టేషన్‌కి తీసుకెళ్ళారు. సర్కిల్ గారు కాగితం రెండుసార్లు చదివి, "మరి ఆ ఇద్దరి కోసం ఒడిశా వాళ్ళకి వైర్‌లెస్ ఇచ్చానే!" అన్నారు. "దొరికితే చెప్పండి సార్, గుర్తు పట్టడానికి మా తలారిని పంపుతాం" అన్నాను. ఆయన కోప్పడబోయి, ఆపుకోలేక నవ్వేశారు. పొద్దు కుంకకముందే ముగ్గురూ బయటికొచ్చారు. జీపు ఎక్కమంటే ఎక్కలేదు, ఆ పూటకి బళ్ళంటే విరక్తి పుట్టిందన్నారు. చీకటి పడేలోపు ఊరు చేరాలని గబగబా కొండదారి పట్టారు.

ఆ సాయంత్రం ఏడు గంటల వార్తల్లో రాజధాని పెద్దమనిషి "నిన్నటి ఉల్లంఘనల్లో మూడు ఉపసంహరించబడినవి" అని చదివి, చదివిందేమిటో తనకే అర్థం కానట్టు కాగితం వైపు మళ్ళీ చూశాడు. జరిగిన కాల్పుల్ని వెనక్కి తీసుకున్న సర్కారు లోకంలో మాదొక్కటే అయ్యుంటుంది. మా ఆవిడ వీధికంతా వినబడేట్టు, "ఆ మూడూ కూడా ఈయనవే!" అంది.

మూడో రోజు వాన పడింది. ముగ్గురూ విత్తనాలు చల్లుతున్నారని తలారి ఫోన్లో చెప్పాడు. "ఇంకేటి?" అంటే "ఇంకేటీ నేదు. నిల్లు" అన్నాడు. ఈసారి నేను నిల్ అనే రాసుకున్నాను.

పిల్లలూ, నా సర్వీసు మొత్తంలో నేర్చుకున్నది ఒక్క ప్రశ్న. ఎవరేం చెప్పినా రాసే ముందు 'దేంతో?' అని అడగండి. కాల్చారంటే దేంతో, కొట్టారంటే దేంతో, నింపారంటే దేంతో. ఒక్క మాట ఖర్చు. నేను ఆ మాట దాచుకుని, రెండు గంటలు కొండెక్కి దాని వెల కట్టాను.

తర్వాత సంత రోజున ముసలమ్మ పనసకాయ నెత్తిన పెట్టుకుని ఆఫీసుకొచ్చింది. మేడమ్‌కి ఇచ్చి, వెళ్తూ వెళ్తూ నా గది ముందు ఆగింది. గెలిచిన ఊపు ఇంకా దిగలేదు నాకు. కుర్చీలో వెనక్కి వాలి, పడబోయి, సర్దుకుని అన్నాను: "ఏటమ్మా, సూసినావా? లెక్కలు రానోడినే గానీ, నేను చెప్పిన తప్పుడు లెక్కే నీ కొడుకుని బయటికి తెచ్చింది."

ముసలమ్మ నన్ను కింది నుంచి పైదాకా, బూట్లతో సహా, చూసింది.

"లోపలెట్టినోడివీ నువ్వే, బయటికి తెచ్చినోడివీ నువ్వే. రెండూ కలిపితే నిల్లే గదా బాబూ!"